నాలుగో తరగతి డాక్టరు

గురువారం పొద్దున ఆరింటికే ఎందుకమ్మ గోడకి ఒక కాగితం అంటించింది. ఆ రోజు ఎవరేం చేయాలో, ఎన్ని గంటలకు చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో, ల్యాబు పుస్తకంలో ప్రయోగం రాసినట్టు అందులో వరసగా రాసి ఉంది. అమ్మ ఇస్త్రీ బల్ల ముందుగదిలోంచి లోపలికి మార్చాలి. నాన్న తొమ్మిదింటికల్లా పని ఆపి, చేతులు కడుక్కుని, ఉన్న ఒకే ఒక్క మంచి చొక్కా తొడుక్కోవాలి. అత్త ముందుగది ఊడ్చి, అక్కడున్న సామానంతటి మీదా శుభ్రమైన దుప్పట్లు కప్పాలి. అందరూ అడిగినదానికే జవాబు చెప్పాలి, అదీ నిజమే చెప్పాలి. ఎవరూ అతి చేయకూడదు. ఈ చివరి మాట కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి. ఆ గీతలు అత్త కోసమేనని ఇంట్లో అత్తకు తప్ప అందరికీ తెలుసు.

ఎందుకమ్మ అసలు పేరు కాలేజీ రిజిస్టరులో క్షేమంగా ఉంది, దాంతో వీధికి ఎప్పుడూ పని పడలేదు. వాళ్ళ నాన్న కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. ఐదేళ్ళ పిల్లగా ఆ గదిలో నేలమీద కూర్చుని ఆడుకుంటూ, పాత మిషన్లోంచి తీసిన పళ్ళచక్రం వేళ్ళకి అంటుకుపోతుంటే, "నాన్నా, నూనె ఎందుకు జిగురైపోయింది?" అని అడిగింది. "పాతబడింది కదమ్మా" అన్నాడాయన. "పాతబడితే జిగురెందుకవుతుంది?" అంది పిల్ల. ఆయన కాసేపు ఆలోచించి తనకు తెలియదని ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుండా కసిరి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది. ఆ ప్రశ్న పట్టుకుని ఆ పిల్ల పదహారేళ్ళు నడిచింది. డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకుంది. కాలేజీ మొత్తానికి మొదటి మార్కు తెచ్చుకుంది. ఇప్పుడు పీజీ చదివి ఆ నూనె సంగతి పూర్తిగా తేల్చుకుంటానంటోంది.

చదివించే స్తోమత ఇంట్లో లేదు. కానీ ఒక స్కాలర్‌షిప్పు ఉంది. తరతరాలుగా కాలేజీ గడప తొక్కని కుటుంబాల నుంచి, సైన్సు క్లాసుల్లో ఎప్పుడూ కనపడని వర్గాల నుంచి వచ్చిన పిల్లలకి రెండేళ్ళ పీజీ చదువు, హాస్టలుతో సహా, మొత్తం వాళ్ళే చూసుకుంటారు. నలభై సీట్లు. ఎందుకమ్మ పేరు ముప్ఫై ఏడోది. తుది జాబితా గురువారం మధ్యాహ్నం ఒంటి గంటకి మూసేస్తారు. అందులో పేరు లేకపోతే సోమవారం నుంచి ఆమె ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి వెళ్ళాలి. ఆ ఉద్యోగం తాలూకు కాగితం అప్పటికే వచ్చి అల్మారాలో కూర్చుంది.

చిక్కల్లా ఒక్క ధ్రువపత్రం దగ్గర వచ్చింది. కుటుంబ పెద్దకి ఏ డిగ్రీ లేదని ఏదైనా ప్రభుత్వ కార్యాలయం రాసివ్వాలట. ఎందుకమ్మ మూడు వారాలు చెప్పులరిగేలా తిరిగింది. నాన్న చదివిన బడికి వెళ్తే, "చదివినవాళ్ళకైతే ఇస్తాం గానీ, చదవనట్టు ఎలా ఇస్తామమ్మా?" అన్నారు. యూనివర్సిటీకి వెళ్తే, "మా దగ్గర చదవనివాళ్ళ జాబితా అంటే లోకం మొత్తం రాయాలి" అన్నారు. పురపాలక కార్యాలయంలో గుమాస్తా అయితే తలెత్తకుండానే, "పుట్టినట్టు ఇస్తాం, చచ్చిపోయినట్టు ఇస్తాం. చదవనట్టు మాత్రం ఇవ్వం" అన్నాడు. చివరికి స్కాలర్‌షిప్పు ఆఫీసువాళ్ళే జాలిపడి ఒక దారి చూపించారు. కాగితం లేకపోతే పరిశీలకురాలు స్వయంగా ఇంటికొచ్చి, కుటుంబాన్ని చూసి, తృప్తిపడితే చాలు. ఆవిడే ఈ గురువారం పదిన్నరకి వస్తోంది.

అందుకే ఆ కాగితం, ఆ గీతలు. ఎందుకమ్మ అన్నీ ఆలోచించింది గానీ ఒక్కటి మర్చిపోయింది. మర్చిపోవడం కూడా కాదు, పుట్టినప్పటి నుంచి వింటున్న మాట కాబట్టి అది ఆమె చెవికి అసలు ఆననే లేదు. వీధి వీధంతా వాళ్ళ నాన్నని డాక్టరు గారంటుంది.

బోర్డులు రాసే స్నేహితుడొకడు ఎప్పుడో సరదాపడి "కుట్టు మిషన్ల ఆసుపత్రి" అని పెద్ద బోర్డు రాసి తగిలించాడు. అప్పటి నుంచి మిషన్ తీసుకొస్తే కేసు వచ్చిందనీ, విప్పితే ఆపరేషననీ, రాత్రికి ఉంచేస్తే అడ్మిట్ చేశారనీ అనడం అందరికీ అలవాటైపోయింది. మిగతా మాటలు దర్జీలు ఎప్పటి నుంచో వాడేవే. మిషన్ పైభాగాన్ని తల అంటారు, గుడ్డని నొక్కిపట్టే ఇనుప ముక్కని పాదం అంటారు. సూది, కుట్లు సరేసరి. దరఖాస్తులో తండ్రి వృత్తి రాయడానికి చిటికెన వేలి గోరంత జాగా ఇచ్చారు. అందులో ఎందుకమ్మ "సొంత పని" అని రాసి ఊరుకుంది.

పది గంటలకి ఆమె పరిశీలకురాలికి ఎదురెళ్ళి తీసుకురావడానికి బస్టాపుకి బయల్దేరింది. గుమ్మం దగ్గర ఆగి, "అత్తా, ఫోనొస్తే గౌరవంగా మాట్లాడు. చదువు సంగతి అడిగితే దాచొద్దు" అని ఇంకోసారి చెప్పింది.

"నాకు చెప్పాలటే? నీ పుట్టుక నాటికే నేను ఈ దుకాణంలో ఫోను ఎత్తుతున్నా" అంది అత్త.

ఎందుకమ్మ వీధి మలుపు తిరిగిందో లేదో ఫోను మోగింది. తర్వాత జరిగిన సంభాషణని అత్త ఎవరడిగినా అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పింది కాబట్టి మనకీ తెలుసు.

"హలో! డాక్టరు గారి ఇల్లండీ" అంది అత్త, నేర్పిన గౌరవమంతా గొంతులో పోసి.

అవతల పరిశీలకురాలు. దారి కనుక్కుందామని ఆఫీసు నుంచి చేసింది. "డాక్టరు గారి ఇల్లా?" అంది.

"ఈ వీధికి ఆయనొక్కరే కదండీ."

"ఆయనతో ఒకసారి మాట్లాడొచ్చా?"

"ఆపరేషన్లో ఉన్నారండీ. ఇప్పుడే తల ఊడదీసి బల్ల మీద పెట్టారు. ఈ సమయంలో పలకరిస్తే ఏ ముక్క ఎక్కడిదో మర్చిపోతారు."

"తల... ఊడదీశారా?"

"రోజూ చేసేదే లెండి. ఇంతకీ మీకేంటి ఇబ్బంది? సూదా, కుట్లా?"

"నాకేం ఇబ్బంది లేదండీ."

"మొదట్లో అందరూ అలాగే అంటారు. పాతదేనా? ఎన్నేళ్ళయింది?"

పరిశీలకురాలు తికమకలో, "నలభై ఆరు" అనేసింది.

"నలభై ఆరేళ్ళా! ఒక్కసారైనా విప్పి చూపించారా? లోపల ఎంత మట్టి పేరుకుపోయి ఉంటుందో! వెంటనే తీసుకొచ్చేయండి. పాదం అరిగిపోయి ఉంటే పీకేసి కొత్తది పెట్టేస్తారు. పది నిమిషాల పని."

"మత్తు కూడా ఇవ్వకుండానా?"

"మత్తెందుకండీ! నాలుగు చుక్కలు నూనె వేస్తే చాలు."

అవతల కాగితం మీద పెన్ను గీకిన చప్పుడైంది. "ఆయన ఎంతవరకు చదువుకున్నారు?"

చదువు సంగతి దాచొద్దని మేనకోడలు చెప్పింది కదా. "నాలుగో తరగతండీ" అంది అత్త గర్వంగా. "చదివితే వచ్చే విద్యా ఇది? చేతిలో ఉండాలి. మా నాన్న దగ్గర నేర్చుకున్నాడు. పదేళ్ళప్పటి నుంచి విప్పుతున్నాడు."

"వాళ్ళావిడ ఏం చేస్తారు?"

"మా మరదలా? ఇంట్లోనే కోట్లు చూసుకుంటుంది. పెద్దాసుపత్రి నుంచి వస్తాయి. రోజుకి నలభై యాభై కోట్లు."

"రోజుకా!"

"ఇవాళ ఎక్కువే వచ్చినట్టున్నాయి. మంచం మీద ఒక అరవై ఉంటాయి."

ఫోను కట్టయింది. పాపం ఎవరో పిరికి మనిషి, నొప్పి అంటే భయం కాబోలు అనుకుంది అత్త.

పరిశీలకురాలు పిరికిది కాదు. పంతొమ్మిదేళ్ళుగా అదే పనిలో ఉన్న మనిషి. పరిశీలన రోజుకి మాత్రం రేకుల గది అద్దెకి తీసుకుని, మేడలో సామాను మేడలోనే ఉంచి వచ్చిన కుటుంబాల్ని చూసింది. పేదవాళ్ళలా కనపడటానికి చిరుగు కోసం కొత్త చొక్కా చింపిన తండ్రిని చూసింది. తన చేతుల మీదుగా ఒక్క సీటు కూడా దొంగదారిన పోకూడదన్నది ఆమె పట్టుదల. ఇక్కడ చూస్తే ఇంటి యజమాని డాక్టరయితే పిల్లకి స్కాలర్‌షిప్పు రాదు. డాక్టరు కాకుండానే తలలు ఊడదీస్తుంటే అది స్కాలర్‌షిప్పుని మించిన వ్యవహారం. ఆమె రెండు ఫోన్లు చేసింది. మొదటిది తన ఆఫీసుకే. "ముప్ఫై ఏడో పేరు కొట్టేయండి. నలభై ఒకటో పేరు ఎక్కించడానికి సిద్ధంగా ఉంచండి" అంది. రెండోది ఆరోగ్య శాఖకి.

బస్టాపులో ఎందుకమ్మ మూడు బస్సులు దిగినవాళ్ళందరి మొహాలూ చూసింది. పరిశీలకురాలిలా ఒక్కరూ లేరు. పదీ నలభైకి ఒక జీపు వచ్చి ఆమె ముందే ఆగింది. ముందు సీట్లో మీసాలాయన అద్దం దించి, "ఇక్కడెక్కడో డాక్టరు ఉన్నాడంట, ఇల్లు తెలుసా అమ్మాయ్?" అని అడిగాడు.

జీపులో మిషన్లేసుకుని రావడం కొత్తేమీ కాదు. "మా ఇల్లేనండీ. ఆ మలుపు తిరిగితే నాలుగోది, బోర్డు ఉంటుంది" అంది ఎందుకమ్మ. నాన్న పేరు చెడకూడదని, "కానీ ఇవాళ మధ్యాహ్నం దాకా చూడరండీ" అని కూడా చేర్చింది.

"బాగా చూస్తాడా?"

"నూటికి తొంభై కేసులు బాగైపోతాయండీ."

"మిగతా పదీ?"

"వాటిని కూడా వృథా పోనివ్వరు. పనికొచ్చే భాగాలన్నీ తీసి డబ్బాల్లో దాచి, అవసరమైనవాళ్ళకి పెడతారు."

మీసాలాయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక సీట్లో కళ్ళద్దాలావిడ ఒకరు ఒళ్ళో ఫైలు పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చుని ఉంది. జీపు కదిలింది. కదులుతుంటే ఫైలు మీద కాగితం గాలికి లేచింది, దాని మూలన అంటించిన ఫొటో కనపడింది. ఒంటి జడ, బెదురు చూపు. ఆ ఫొటో తనదే. జీపు తలుపు మీద ఆరోగ్య శాఖ అన్న అక్షరాలు కూడా అప్పుడే కనపడ్డాయి. తాను ఇప్పుడు చెప్పిన మాటలు ఒక్కొక్కటీ వెనక్కొచ్చి చెవిలో మోగాయి. ఎందుకమ్మ చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తింది.

ఆమె వెళ్ళేసరికి ఇల్లు చేయగలిగిన హాని అంతా చేసేసింది. లోపల జాగా చాలక అమ్మ, పెద్దాసుపత్రి నుంచి ఇస్త్రీకొచ్చినవాటిలో ఉతికిన తెల్లకోట్లు వసారాలో తాడు మీద ఆరేసింది. అవి బోర్డుని సగం కప్పేసి, "ఆసుపత్రి" ఒక్కటే బయటికి కనపడుతోంది. అవతలి వీధి దర్జీ ఒకామె పొద్దున్నే చెడిపోయిన మిషన్ తెచ్చి ఏడుపు మొదలుపెట్టడంతో నాన్న కాదనలేక విప్పాడు. మంచి చొక్కా మీద నూనె ఒలికింది. శుభ్రంగా ఉండాలని గోడ మీద రాసి ఉంది కదా అని అత్త ఇస్త్రీ కోట్లలోంచి ఒకటి తీసి తమ్ముడికి తొడిగింది. ఇప్పుడాయన తెల్లకోటులో, మోచేతుల దాకా నల్లటి జిడ్డుతో, చేతిలో పట్టుకారుతో నిలబడి ఉన్నాడు. గది నిండా దుప్పట్లు కప్పిన ఆకారాలు.

"ఇరవై ఏళ్ళు మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది సార్" అని దర్జీ జీపులోంచి దిగిన మీసాల ఇన్‌స్పెక్టరుతో చెప్పి వెక్కుతోంది. "నిన్న సాయంత్రం నేను తొక్కుతుంటేనే కిర్రుమని ఆగిపోయింది."

"తొక్కుతుంటేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఒకడుగు వెనక్కేసి.

"రోజూ తొక్కేదాన్నే సార్. ఏనాడూ ఇలా చేయలేదు."

"ఎక్కడుంది ఇప్పుడు?"

"ఆ దుప్పటి కింద" అన్నాడు నాన్న. "భయం లేదు సార్, సాయంత్రానికి లేచి కూర్చుంటుంది."

ఎందుకమ్మ రొప్పుతూ మధ్యలోంచి దూసుకొచ్చి దుప్పటి లాగేసింది. తర్వాత పక్కది. ఆ తర్వాతది. పదకొండు కుట్టు మిషన్లు, కొన్ని తలలతో, కొన్ని తలల్లేకుండా, ఇన్‌స్పెక్టరు వైపు చూశాయి.

"మరి ఆ అరవై కోట్లు?" అంది కళ్ళద్దాల పరిశీలకురాలు నీరసంగా.

అమ్మ లోపలి గది తలుపు తెరిచి చూపించింది. మంచం మీద అరవై తెల్లకోట్లు మడతపెట్టి ఉన్నాయి.

పరిశీలకురాలు మంచి మనిషి. తప్పు చేశానని తెలిస్తే దాన్ని సరిదిద్దేదాకా నిలవలేని రకం. అప్పటికప్పుడే ఆఫీసుకి ఫోను చేసి, ముప్ఫై ఏడో పేరు కొట్టొద్దంది. "కొట్టేశాం మేడమ్" అన్నాడు అవతల గుమాస్తా. "నలభై ఒకటోవాళ్ళకి ఇంకా చెప్పలేదు గానీ, కొట్టేసిన పేరు మళ్ళీ ఎక్కించాలంటే నోటిమాట చాలదు. తండ్రికి డిగ్రీ లేదని ప్రభుత్వ కాగితం కావాలి. జాబితా ఒంటి గంటకి మూసేస్తాం." అప్పటికి టైము పదకొండున్నర.

మూడు వారాలు తిరిగినా దొరకని కాగితం గంటన్నరలో ఎక్కడ దొరుకుతుంది? అయినా ఎందుకమ్మ కూర్చుని ఏడ్చే పిల్ల కాదు. ఏ ఆఫీసుకి పరిగెత్తాలా అని చూస్తుంటే ఇన్‌స్పెక్టరు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఎవరూ బయటికి కదలొద్దు. నా పని అవలేదు" అన్నాడు. "ముందుగదిలో రేడియోలు పెట్టుకుని వెనకగదిలో ఇంజెక్షన్లు పొడిచేవాణ్ణి పోయినేడే పట్టుకున్నా. ఫిర్యాదు వచ్చాక మిషన్లు చూసి నవ్వేసి పోవడం కుదరదు. ఇతను డాక్టరు కాదని నాకు నమ్మకం కలగాలి. పది ప్రశ్నలు అడుగుతా."

ఎందుకమ్మ నాన్నని ఒక మూలకి లాక్కెళ్ళింది. "నాన్నా, ఆయన ఏమడిగినా తెలీదని చెప్పు."

"తెలిసినవి కూడానా?"

"ముఖ్యంగా తెలిసినవి."

నాన్న మొహం చిన్నబోయింది. "జీవితంలో ఒక్క పరీక్షా రాయలేదు తల్లీ. రాయక రాయక రాస్తుంటే మొదటిదాంట్లోనే ఫెయిలవమంటావా?"

"నా కోసం నాన్నా."

ఆయన వచ్చి ఇన్‌స్పెక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒంటి వేడి ఎంతుండాలి?"

నాన్న పెదవులు కదిలాయి. కూతురి వైపు చూశాడు. మింగేశాడు. "తెలీదు సార్."

"నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోవాలి?"

"తెలీదు సార్."

"అదేంట్రా!" అని అత్త అందుకుంది. "పోయిన వారం పక్కింటావిడకి నువ్వే చెప్పావుగా, డెబ్భై రెండని? ఒంటి వేడి కూడా చెప్పావు. నీకు తెలియకపోవడమేంటి?"

గోడ మీద కాగితంలో ఆ రెండు గీతలూ అలాగే ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు పెన్ను మూత పెట్టేశాడు. "అన్నీ తెలిసినవాడే ఇంత జాగ్రత్తగా తెలీదంటాడు" అన్నాడు. "వెనకగది కూడా చూడాల్సిందే."

నాన్న తలొంచుకున్నాడు. వీధిలో ఏ దర్జీ ముందూ వంగని తల అది. ఎంత పాడైన మిషన్ చూసి ఎవరు పెదవి విరిచినా, "అడ్మిట్ చేయండి, చూద్దాం" అని నవ్వే మనిషి. ఆ తల తన వల్లే వంగిందని ఎందుకమ్మకి అర్థమైంది. ఇంక ఆగలేకపోయింది.

"సార్, తప్పు నాది. తెలీదని చెప్పమని నేనే చెప్పాను" అంది. "మా నాన్నకి ఒంటి వేడి ఎంతుండాలో తెలుసు. నేను ఏడో తరగతిలో గట్టిగా వల్లెవేస్తుంటే, మిషన్ విప్పుతూ విన్నారు. నా పాఠాలు అన్నీ ఇలాగే విన్నారు. అర్థం కాకపోతే మళ్ళీ చదవమనేవారు. నా డిగ్రీ సగం ఆయనే చదివారు సార్, కాకపోతే కాలేజీవాళ్ళు పట్టా నాకొక్కదానికే ఇచ్చారు. ఆయన్ని ఏమీ తెలియనివాడిలా నిలబెట్టి తెచ్చుకునే స్కాలర్‌షిప్పు నాకొద్దు." అంతలోనే పరిశీలకురాలి వైపు తిరిగి, "వద్దని కాదు మేడమ్, కావాలి. చాలా కావాలి. కానీ ఇలా కాదు" అంది.

తర్వాత నాన్న వైపు తిరిగింది. "నాన్నా, తెలిసింది తెలిసినట్టు చెప్పు. వస్తే వస్తుంది, పోతే ఇంకోటి వెతుకుతాను."

నాన్న తలెత్తాడు. "తొంభై ఎనిమిది పాయింటు నాలుగు సార్" అన్నాడు. "గుండెకి నాలుగు గదులు. ఎముకలు రెండొందల ఆరు. నూనె ఎందుకు జిగురవుతుందో కూడా ఇప్పుడు తెలుసు. గాలిలో ఆక్సిజనుతో కలుస్తుందిట, మా అమ్మాయే చెప్పింది."

ఇన్‌స్పెక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సరే, ఆఖరి ప్రశ్న ఒక్కటే. జ్వరంతో ఒక మనిషి నీ దగ్గరికి వచ్చాడు. ఏం చేస్తావు?"

"ఇంటికెళ్ళి పడుకోమంటాను సార్."

"మందు?"

"మందు నేనెందుకిస్తాను? జ్వరంలో మిషన్ తొక్కితే కుట్లు వంకర పోతాయి. మిషన్ ఇక్కడ అడ్మిట్ చేసి, మనిషిని తగ్గాక రమ్మంటాను."

ఇన్‌స్పెక్టరు పెన్ను మూత మళ్ళీ తీశాడు. "ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో రోగిని పంపించేసిన దొంగ డాక్టరుని చూడలేదు" అని గొణుక్కుంటూ సంచీలోంచి ఒక ఫారం తీసి నింపడం మొదలుపెట్టాడు. ఆయన అక్షరాలు నెమ్మదిగా, గుండ్రంగా రాసే మనిషి. నాన్న పేరు దగ్గరే మూడు నిమిషాలు పట్టింది. ఎందుకమ్మ గడియారం చూడటం మానేసింది.

రాయడం అయ్యాక ఆయన దాన్ని పైకి చదివాడు. "ఫిర్యాదు మేరకు స్వయంగా విచారించగా, పై వ్యక్తి వైద్యుడు కాడనీ, ఇతనికి వైద్య పట్టా గాని, మరే ఇతర పట్టా గాని లేదనీ, విద్యార్హత నాలుగో తరగతి మాత్రమేననీ, కుట్టు మిషన్లు బాగుచేసి జీవిస్తున్నాడనీ ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది."

పరిశీలకురాలు కళ్ళద్దాలు సవరించుకుంది. "సార్, మళ్ళీ ఒకసారి చదవండి. ఆ 'మరే ఇతర పట్టా గాని' అన్నది."

"అది మేం రాసేది కాదు మేడమ్. ఫారంలో అచ్చయ్యే వస్తుంది."

"కింద ముద్ర ఉంటుందా?"

"రెండుంటాయి. శాఖది ఒకటి, నాది ఒకటి."

"నాకొక ప్రతి కావాలి. ఇప్పుడే" అందావిడ. అప్పటికి గానీ ఎందుకమ్మకి వెలగలేదు. బడి ఇవ్వనంది, యూనివర్సిటీ ఇవ్వనంది, పుట్టుకలూ చావులూ రాసే ఆఫీసు ఇవ్వనంది. ఇంటిమీద దాడికొచ్చిన మనిషి అడగకుండానే రాసిచ్చాడు.

రెండు ముద్రలూ దబదబ పడ్డాయి. పరిశీలకురాలు ఆ కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని ఫొటో తీసి ఆఫీసుకి పంపింది. పన్నెండూ నలభై ఎనిమిదికి గుమాస్తా ఫోను చేశాడు. "పేరు ఎక్కించాం మేడమ్. ఈ పథకం పెట్టినప్పటి నుంచి ఈ ధ్రువపత్రం తెచ్చినవాళ్ళు లేరు. అసలు ఇది ఏ ఆఫీసులో ఇస్తారు?" అని అడిగాడు. పరిశీలకురాలు జవాబు చెప్పకుండా ఫోను పెట్టేసి, ఎందుకమ్మ భుజం తట్టి, "సోమవారం కాలేజీలో చేరిపో" అంది. ఎందుకమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని అప్పుడేడ్చింది. దర్జీ తన ఏడుపు ఆపి ఆమెను ఓదార్చింది.

నాన్న మాత్రం ఆ కాగితాన్ని చేతుల జిడ్డు అంటకుండా అంచులు పట్టుకుని చూస్తున్నాడు. జీవితంలో ఆయన పేరు మీద వచ్చిన మొదటి సర్టిఫికెట్టు అది.

"ఇంతకీ నేను పాసా, ఫెయిలా?" అని అడిగాడు.

"ఫెయిల్ నాన్నా" అంది ఎందుకమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఫస్టు క్లాసులో."

సంగతి తెలిసి వీధిలో వాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చారు. అమ్మ పెద్ద గిన్నెతో టీ పెట్టింది. ఇన్‌స్పెక్టరు కూడా మిషన్ల మధ్య జాగా చేసుకుని రెండు కప్పులు తాగాడు. ఫెయిలైన మనిషి ఇంటికి ఇంతమంది అభినందించడానికి రావడం ఆ వీధిలో అదే మొదటిసారి.